కుర్చీ మీద క్యాబేజీ

మార్లిస్ టోలెఫ్సన్‌కి సోమవారం పొద్దుటికల్లా కోపం వచ్చి తీరాలి. రాకపోతే 'బీకన్' వారపత్రిక నాలుగో పేజీలో ఆమె స్థలం ఖాళీగా పోతుంది. వాషింగ్టన్ పుణ్యమా అని ఈ మధ్య ఆ చిక్కు ఎప్పుడూ రాలేదు. కావలసినంత కోపం, ఇంకా పక్కింటివాళ్ళకి పంచిపెట్టేంత మిగులు.

కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల ఆమెది. పసుపుపచ్చ కాగితాలు, పెన్సిలు, పక్కన కత్తిరించిన పేపరు ముక్కలు. రాసిన వాక్యాన్ని పెదవులు కదిలిస్తూ చదువుకుంటుంది. తనకే నవ్వు వస్తే ఉంచుతుంది, రాకపోతే కొట్టేస్తుంది. ఆవేళ చాలామటుకు ఉంచుతోంది.

"మన సెనేటరు గారు ఈ వారం కొత్త వంతెనకి రిబ్బను కత్తిరించారు. ఆ వంతెనకి డబ్బు ఇవ్వొద్దని ఓటేసిందీ వారే. కత్తెర మాత్రం వారి సొంతమని తెలిసింది."

"గుడ్ల ధర ఎందుకు పెరిగిందో తేల్చడానికి వాషింగ్టన్‌లో విచారణ సంఘం కూర్చుంది. కోళ్ళని సాక్ష్యానికి పిలిచారు. లాయరు లేకుండా నోరు విప్పం అన్నాయిట."

"ఈ ఘోరాలన్నిటినీ మా డెమొక్రాట్లు తీవ్రంగా ఖండించారు. ఖండించిన ఐదు నిమిషాల్లో చందా పంపమని నా ఫోనుకి మెసేజీ పెట్టారు."

ఆ మూడోది రాసి కాసేపు ఆలోచించింది. సొంతవాళ్ళని కూడా ఒక్కటి వేస్తేగానీ ఎదుటివాళ్ళని నాలుగు వెయ్యడానికి మొహం చెల్లదు. ఉంచేసింది.

ఎదురు కుర్చీ కిర్రుమంది. ఆర్లిన్ గ్రాఫ్ వచ్చి కూచున్నాడు. కూచోవచ్చా అని అడగడం ఏనాడూ లేదు. విత్తనాల కంపెనీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు పాడి నడిపిన మనిషి, ఆవులు అమ్మేసినా చేతులు మాత్రం ఇంకా పితుకుతున్నట్టే వంపు తిరిగి ఉంటాయి. కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, రిపబ్లికన్లకి పెద్ద. మార్లిస్‌తో ఒకే బడి, ఒకే చర్చి. బెంచీలు మాత్రం వేరు.

"ఈ వారం ఎవరి పీక నులుముతున్నావమ్మా?" అన్నాడు.

"నులమడానికి పీకలు మీవాళ్ళే వరసగా చాపుతుంటే నన్నంటావేం?"

"వైలర్ గారి మీద రాయకు. రేపు వస్తున్నాడాయన."

మార్లిస్ పెన్సిలు కింద పెట్టి మరీ నవ్వింది. కిర్బీ వైలర్ ఆ ప్రాంతం తరఫున వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ సభ్యుడు, రిపబ్లికన్. రెండేళ్ళుగా జనం ముందుకి వచ్చి ఒక్క సభ పెట్టిన పాపాన పోలేదు. రేపు సాయంత్రం మాజీ సైనికుల హాల్లో ఊరివాళ్ళే సభ పెట్టి పిలిచారు. రాడని తెలిసే, ఆయన పేరు రాసిన అట్ట తగిలించి వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ వేస్తున్నారు.

"ఎవరొస్తున్నారు? ఆయనా, ఆయన కుర్చీనా?"

"ఎకసెక్కాలు చాలించు. నేనే ఫోన్ చేశాను. వాళ్ళ ఆఫీసులో మాటిచ్చారు. వెర్నా సంగతి ఆయన్నే మొహం మీద అడగాలి."

వెర్నా ఆర్లిన్ భార్య. మూడేళ్ళుగా కౌంటీ వృద్ధాశ్రమంలో ఉంది. జ్ఞాపకం పూర్తిగా పోయింది, మొగుణ్ణి కూడా పోల్చుకోదు. వైలర్ ఓటేసిన బిల్లుతో ఆ ఆశ్రమానికి నిధులు తెగ్గోశారు. వేసవికల్లా మూసేస్తారని చెప్పుకుంటున్నారు. ఆ తరవాతి ఆశ్రమం గంటన్నర దూరం, ఆర్లిన్‌కి చూపు సరిగ్గా ఆనదు, మంచు పడితే బండి నడపలేడు.

మార్లిస్ నవ్వు ఆపింది. "సరేలే, వస్తే మంచిదే" అంది. రాడని మాత్రం ఆమెకి రూఢిగా తెలుసు.

మంగళవారం పొద్దున్న పత్రికాఫీసుకి వెళ్ళేసరికి డ్వేన్ కుబియాక్ తల పట్టుకుని కూచున్నాడు. ఆ పత్రికకి ఓనరూ, ఎడిటరూ, ఫొటోగ్రాఫరూ, మెట్లు ఊడ్చేవాడూ అన్నీ అతనే.

"మనకి మధ్యాహ్నానికి పేజీలు వెళ్ళిపోవాలి. సభేమో సాయంత్రం. జనానికి పేపరు చేరేది గురువారం. 'వైలర్ వస్తాడా రాడా' అని గురువారం నాడు అచ్చేస్తే మొహాన ఉమ్మేస్తారు. ఏం చేద్దామంటారు?"

"ఏముంది చెయ్యడానికి, రాలేదని రాసేద్దాం. చర్చి విందుల వార్త నువ్వెప్పుడు రాస్తావు?"

డ్వేన్ తల గోక్కున్నాడు. అది నిజమే. పాన్‌కేకుల పిండి ఇంకా కలపకముందే, విందు ఘనంగా జరిగిందనీ, జనం కిక్కిరిసి వచ్చారనీ 'బీకన్' రాసేస్తుంది. వాళ్ళ నాన్న హయాం నుంచీ అదే పద్ధతి. ఒక్కసారీ తప్పు పోలేదు. పాన్‌కేకులంటే ఆ ఊరివాళ్ళు రాకుండా ఉంటారా?

"విందు వేరు, ఇది వేరు కదండీ" అని నసిగాడు.

"రెండేళ్ళయింది నాయనా. సూర్యుడు పడమట పొడిచినా ఆయన రాడు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అక్కడే నిలబడి, కౌంటరు మీద కాగితం పెట్టి, జరగని సభ గురించి జరిగినట్టే రాసేసింది. కలం పరుగెత్తింది. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నవాటిలో ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదని ఆమెకే అనిపించింది.

"మంగళవారం సాయంత్రం వైలర్ గారు రాలేదు. వారి కుర్చీ వచ్చింది. చెప్పిన టైముకి వచ్చింది, చివరిదాకా కదలకుండా కూచుంది. వృద్ధాశ్రమం సంగతేమిటని కుర్చీని అడిగాం. కుర్చీ జవాబు చెప్పలేదు. అయితే 'చాలా మంచి ప్రశ్న' అని కూడా అనలేదు. అందుకు మా కృతజ్ఞతలు. వచ్చే ఎన్నికల్లో కుర్చీ నిలబడితే నా ఓటు దానికే."

డ్వేన్ చదివి పడీ పడీ నవ్వాడు. పేజీలు ప్రెస్సుకి వెళ్ళిపోయాయి.

సాయంత్రం హాలు నిండిపోయింది. గోడ పక్కన పెద్ద కాఫీ డబ్బా, పళ్ళేల్లో కేకు ముక్కలు. వేదిక మీద కుర్చీ, దాని మీద ఎవరో రైతు పెట్టిన పేద్ద క్యాబేజీ. దానికి ఎర్ర టై కట్టి ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దానితో ఫొటోలు దిగుతున్నారు. ఆర్లిన్ మొదటి వరసలో ఆదివారం కోటు వేసుకుని, తలుపు వైపే చూస్తూ కూచున్నాడు. అతని మెడ వెనక కొత్తగా చేయించుకున్న క్షవరం గీత తెల్లగా కనిపిస్తోంది. రెండో వరసలోంచి ఆ గీత చూసి మార్లిస్‌కి ఎందుకో మనసు కలుక్కుమంది.

తలుపు తెరుచుకుంది. కిర్బీ వైలర్ వచ్చాడు.

గళ్ళచొక్కా వేసుకుని వచ్చాడు. ఆవేళే పొట్లంలోంచి తీసినట్టుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. చేతులూపుకుంటూ వేదిక ఎక్కి, కుర్చీలో క్యాబేజీని చూసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "నా సీటుకి పోటీ వచ్చిందని ఎవరూ చెప్పలేదే! నాకంటే తలకాయ బాగుంది" అని, దాన్ని పక్కన పెట్టి కుర్చీలో కూచున్నాడు. హాలు గొల్లుమంది. ఆర్లిన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వెనక్కి తిరిగి మార్లిస్‌ని చూసి, చిన్నపిల్లాడిలా మొహమంతా నవ్వాడు.

జోకు కూడా బాగానే వేశాడు, వెధవ, అనుకుంది మార్లిస్. పక్కకి చూస్తే డ్వేన్ మొహం సున్నం కొట్టినట్టుంది. ఈపాటికి ప్రెస్సు తిరిగిపోయి ఉంటుంది. వైలర్ రాలేదని, ఆమె పేరుతో, ఆమె ఫొటో కింద, ప్రతి కాపీలోనూ అచ్చయి ఉంటుంది. అబద్ధాలకోరులని వారం వారం ఎవర్ని ఏకిపారేసిందో, ఎల్లుండినుంచి వాళ్ళ సరసన తను.

ప్రశ్నలు మొదలయ్యాయి. రోడ్లు, పాల ధర, పోస్టాఫీసు. అన్నిటికీ జవాబులు నున్నగా వచ్చాయి. తరవాత ఆర్లిన్ లేచాడు. టోపీ రెండు చేతుల్లో తిప్పుతున్నాడు.

"సార్, నేను ఆర్లిన్ గ్రాఫ్‌ని."

"మీరు తెలీకపోవడమేమిటి ఆర్లిన్ గారూ!"

"మీరు ఓటేసిన బిల్లుతో మా వృద్ధాశ్రమం మూతపడేలా ఉంది. మా ఆవిడ వెర్నా అందులో ఉంది. మూసేస్తే ఆమె ఎక్కడికి పోవాలి?"

"చాలా మంచి ప్రశ్న" అన్నాడు వైలర్.

మార్లిస్ కళ్ళు మూసుకుంది.

"అసలు జబ్బు ఎక్కడుందంటే, వాషింగ్టన్‌లో ఉంది" అని అందుకున్నాడాయన, ఆ ఊరిని పటంలో తప్ప ఎన్నడూ చూడనివాడిలా. దుబారా అన్నాడు. అధికారుల పెత్తనం అన్నాడు. పోరాడుతున్నానన్నాడు. ఎవరితోనో చెప్పలేదు.

"సార్, వెర్నా సంగతి" అన్నాడు ఆర్లిన్, నిలబడే.

"వెర్నా గారి కోసం నేనూ మా ఆవిడా ప్రార్థిస్తాం. అన్నట్టు, సైన్యంలో మీరు దేశానికి చేసిన సేవకి ధన్యవాదాలు."

అరికాళ్ళు చదునుగా ఉన్నాయని ఆర్లిన్‌ని సైన్యంలోకి తీసుకోలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు.

"నేను సైన్యంలో లేను సార్" అన్నాడు ఆర్లిన్. "పాలు పితికాను."

ఇంకా ఏదో వస్తుందని నిలబడే ఉన్నాడు. రాలేదు. వైలర్ వేదిక దిగి అతని భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు, వెనక తలుపులోంచి కారెక్కి వెళ్ళిపోయాడు. కేకు ముక్కలు కూడా ఇంకా సగం అయినా అవలేదు. ఆర్లిన్ టోపీ పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. మార్లిస్ లేచి అతని వెనక వెళ్ళబోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? ఆగిపోయింది.

కాఫీ డబ్బా దగ్గర డ్వేన్ గుసగుసలాడాడు. "వదిలెయ్యండి. వచ్చే వారం మూల ఎక్కడో చిన్న అక్షరాల్లో సవరణ వేసేద్దాం. ఎవరు చూస్తారు?"

"అచ్చం వాళ్ళలాగే మాట్లాడుతున్నావు" అంది మార్లిస్. "రేపు పేపర్లు పోస్టాఫీసుకి వెళ్ళకూడదు, నేను వచ్చేదాకా."

"ఆ నాలుగో పేజీ కాగితం చింపేద్దామంటారా? వెనక పేజీలో చావు కబుర్లున్నాయి. మీ తప్పుకి పాపం చచ్చినవాళ్ళని కూడా చింపుతామా?"

అదీ నిజమే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది.

బుధవారం పొద్దున్న ప్రెస్సు నుంచి కట్టలు దిగాయి. ప్రతి బుధవారం ఆఫీసు వెనక గదిలో పొడుగాటి బల్ల చుట్టూ చేరి, కిరాణా కొట్టు ప్రకటన కాగితాల్ని పేపరు మడతలో దూర్చడం రివాజు. బొటనవేలికి రబ్బరు తొడుగు, మడత విప్పు, దూర్చు, తట్టు, పక్కకి నెట్టు. ఈసారి కిరాణా కాగితంతోపాటు సవరణ చీటీ కూడా దూర్చాలని మార్లిస్ పట్టుబట్టింది. డ్వేన్ కాపీలు తీసే మెషీను వేడెక్కించి, ఈలోగా కిరాణా కాగితాలు దూరుస్తున్నాడు. చీటీలో ఏం రాయాలన్నదే తెగలేదు.

మొదట రాసింది చదివితే క్షమాపణలా లేదు, ఇంకో ఎగతాళిలా ఉంది. రెండోది ఏడుపులా ఉంది. మూడోదాంట్లో 'అయితే', 'కానీ', 'అయినప్పటికీ' అన్నీ వచ్చేశాయి, వైలరే రాసినట్టుంది. ఉండ చుట్టి పారేసింది. వంతెనల మీదా కోళ్ళ మీదా ఇట్టే వచ్చే మాట, తన తప్పు దగ్గరికి వచ్చేసరికి పెగల్లేదు.

తలుపు దగ్గర ఆర్లిన్ నిలబడి ఉన్నాడు.

ఎత్తిపొడవడానికే వచ్చాడనుకుంది. రానీ, అనిపించుకోవలసిందే కదా. బల్ల మీంచి ఒక కాపీ తీసి, నాలుగో పేజీ పైకి మడిచి, తనే అందించింది. "చదువు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. రాలేదని ముందే రాసేశాను. నువ్వు చెబుతూనే ఉన్నావు, వినలేదు."

ఆర్లిన్ కళ్ళజోడు పెట్టుకుని, పేపరు ముక్కుకి ఆనించుకుని చదివాడు. కోళ్ళ దగ్గర మీసం కదిలింది. కుర్చీ సంగతి దగ్గరికి వచ్చి, వేలు పెట్టి మళ్ళీ చదివాడు. డ్వేన్ దూర్చడం ఆపేశాడు.

"'చాలా మంచి ప్రశ్న అని కూడా అనలేదు'" అని పైకి చదివాడు. "ఆయన అనబోయే మాట నీకెలా తెలుసు?"

"అందరూ అదే అంటారు ఆర్లిన్. మావాళ్ళూ అంతే."

అతను పేపరు మడిచి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూచున్నాడు. "రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన రాకపోతే బాగుండేది మార్లిస్. రాకపోతే, పాపం పని పడిందేమో అనుకునేవాణ్ణి. వచ్చాడు. నా ఎదురుగా నిలబడ్డాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు."

మార్లిస్ కాఫీ పోసి అతని ముందు పెట్టింది. ఇలాంటి రోజు వస్తే ఆర్లిన్‌ని ఎలా ఉడికించాలో ఎన్నేళ్ళుగానో ఊహించుకుంది. తీరా వచ్చాక ఒక్క మాటా అనబుద్ధి కాలేదు.

"అయినా రానివాణ్ణి రాలేదనాలి, వచ్చినవాణ్ణి వచ్చాడనాలి" అన్నాడు ఆర్లిన్, కాఫీ తాగి. "అబద్ధం అబద్ధమే. ఏదీ, నీ చీటీ?"

"కుదరడం లేదు."

"నీకెలా కుదురుతుంది, వంకరగా రాసీ రాసీ చెయ్యి వంకరపోయింది. పెన్సిలు ఇలా తే."

పసుపు కాగితం మీద, బరువైన బడిపిల్లాడి అక్షరాలతో, ఒక్కో మాటా నొక్కి రాశాడు. మార్లిస్ భుజం మీంచి వంగి చదివింది.

"నాలుగో పేజీలో తప్పు పడింది. వైలర్ గారు వచ్చారు. కుర్చీలో కూచున్నారు. వృద్ధాశ్రమం గురించి నేను అడిగాను. 'చాలా మంచి ప్రశ్న' అన్నారు. మిగతాదంతా అచ్చయినట్టే జరిగింది. ఆర్లిన్ గ్రాఫ్, రిపబ్లికన్ పార్టీ, కౌంటీ శాఖ."

మార్లిస్ ఆ పేరు మీద వేలు పెట్టి ఆపింది.

"నీ పేరు వద్దు ఆర్లిన్" అంది మార్లిస్. "తప్పు నాది. మీవాళ్ళు నిన్ను బతకనివ్వరు."

"బతికే వయసు అయిపోయిందిలే. కింద నీ సంతకం కూడా పెట్టు. తప్పు నీదేగా."

పెట్టింది. ఇరవై ఏళ్ళలో ఆమె పేరు కింద ఇంత పొట్టి రాత ఎన్నడూ పడలేదు, ఇంత మంచిదీ పడలేదు. ఆ మాట పైకే అంది. ఆర్లిన్ సిగ్గుపడ్డాడు. డ్వేన్ చీటీని కాపీలు తీసి తేగానే, రబ్బరు తొడుగు వేలికి పెట్టుకుని దూర్చడం మొదలుపెట్టాడు. ఆ చేతులకి పని క్షణంలో పట్టుబడింది. డ్వేన్ ఒక కట్ట పూర్తిచేసేలోపు అతను రెండు చేశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నాడు డ్వేన్.

"ఈవిడ రాతని ఇంటింటికీ చేర్చే పనికి నేనా? నయం, ఇంకా నయం" అని గొణిగాడు ఆర్లిన్. ఇంకో కాపీ మడత విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "సోమవారం కౌంటీ బోర్డు కూచుంటుంది, ఆశ్రమం సంగతి తేల్చడానికి. నా పక్కన వచ్చి కూచో మార్లిస్. నోరు మాత్రం విప్పకు."

"కొంచెం కూడానా?"

"నేను మోచేత్తో పొడిచినప్పుడు విప్పు."

మధ్యాహ్నానికి కట్టలన్నీ పోస్టాఫీసుకి చేరాయి. ఆర్లిన్ ఒక కాపీ కోటు జేబులో పెట్టుకున్నాడు. "దీన్ని వెర్నాకి చదవాలి. నువ్వూ రా" అన్నాడు.

మార్లిస్ తెల్లబోయింది. "నా కాలమా? వెర్నాకా?"

"మూడేళ్ళ నుంచీ వారం వారం చదువుతున్నాను, పళ్ళు నూరుకుంటూ. నీ చెత్తకి తప్ప ఇంక దేనికీ నవ్వదు ఆవిడ. ఏం చెయ్యను?"

వృద్ధాశ్రమం కిటికీల్లోంచి సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడుతోంది. వెర్నా ఒళ్ళో నీలం దుప్పటి పరుచుకుని కూచుంది, జుట్టు చక్కగా దువ్వి ఉంది. ఆర్లిన్‌ని చూసి "రా బాబూ, ఇవాళ ఆలస్యమైందే" అంది, పేపరు చదివి పెట్టడానికి వచ్చే కుర్రాడితో అన్నట్టు. మార్లిస్‌కి కూడా మర్యాదగా తల ఊపింది. ఎవరనేది అడగలేదు.

ఆర్లిన్ స్టూలు మీద కూచుని చదివాడు. పశువుల సంతలో ధర చెప్పినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చదివాడు. తన రాత ఇంత చప్పగా చదవడం మార్లిస్ ఎప్పుడూ వినలేదు, అయినా వంతెన దగ్గర వెర్నా పెదాలు విచ్చుకున్నాయి. కోళ్ళ దగ్గర భుజాలు కదిలాయి. కుర్చీకి మాత్రం నవ్వలేదు, శ్రద్ధగా వింది. తరవాత అతను చీటీ తీసి, అదీ చదివాడు.

వెర్నా చెయ్యి చాపి చీటీ తీసుకుంది. వేలితో ఆ అక్షరాలు తడిమింది.

"ఈ ఆర్లిన్ గ్రాఫ్ ఎవరో గానీ, సూటిగా రాశాడు" అంది. "నీకు తెలుసా బాబూ ఈయన?"

"కొంచెం తెలుసు" అన్నాడు ఆర్లిన్.

"మంచివాడేనా?"

అతను పేపరు మడత పెడుతూ, తల వంచుకుని కూచున్నాడు. వెర్నా అదే ప్రశ్న కళ్ళతోనే మార్లిస్‌ని అడిగింది.

"బంగారం లాంటివాడమ్మా" అంది మార్లిస్. "రిపబ్లికన్, అదొక్కటే."

వెర్నా పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వి, చీటీ ఆర్లిన్ చేతికి తిరిగి ఇచ్చి, మళ్ళీ చదవమంది.